మూడు టబ్బులూ ఒక గుమ్మడికాయా

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తాను ఇటు తిరిగి అటు చూసేలోపు పాప ఎక్కడో జారిపడి తల కొట్టుకుంటుందని. దొంగలంటే ఆమెకు భయం లేదు, చీకటంటే లేదు, అత్తగారంటే ఉండాల్సినంతే ఉంది. పాప తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని బతికేది. పాప తొలి అడుగులు వేసినప్పుడు ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం బల్లల మూలలకూ, మంచం కోళ్ళకూ, చివరికి మామగారి చేతికర్రకూ పాత గుడ్డలు చుడుతూ కూర్చుంది.

అలాంటి మనిషి చేతికి బాత్‌టబ్బు ఎంచుకునే పని వచ్చింది. బాత్రూమ్ బాగుచేస్తున్న మేస్త్రీ, టబ్బు పెట్టే చోట ఇటుకల గట్టు సగం కట్టి, "ఏ టబ్బో తేల్చండమ్మా, ఒక్కోదానికి ఒక్కోలా కట్టాలి. ఇవాళ తేల్చకపోతే నేను వేరే పనికి పోతా" అని బెదిరించి వెళ్ళాడు. ఆ పూట కాఫీల దగ్గర ఇంటిల్లిపాదీ అదే మాట.

"ఆక్రిలిక్కే నయం," అన్నాడు భర్త. "తేలిగ్గా ఉంటుంది, ఒంటికి చల్లగా తగలదు."

"మొన్న ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు పెళుసెక్కి చేతిలోనే విరిగింది. ఇది దాని చుట్టమే కదా," అంది అత్తగారు. "ఇనప టబ్బు తీసుకోండి. పైన పింగాణీ పూత, లోపల ఇనుము. పాప మనవరాళ్ళు కూడా అందులోనే ఆడుకుంటారు."

"రాతిది బావుంటుంది," అన్నాడు మామగారు పత్రికలోంచి తల ఎత్తకుండా. "రాయికి ఒక హుందాతనం ఉంటుంది."

"మామయ్యగారూ, ఆ రాతి టబ్బూ, దాన్నిండా నీళ్ళూ, అందులో పాపా, పక్కన నేనూ... ఆ బరువుకి నేల విరిగిపోతే? అందరం కిందింటివాళ్ళ వంటింట్లో తేలతాం!"

"తేలితే మంచిదేనమ్మా. కిందింటావిడ కాఫీ బాగా పెడుతుంది."

అత్తగారు ఆయన వైపు చూసిన చూపుకు పత్రిక మళ్ళీ పైకి లేచింది.

షాపువాళ్ళు ఇచ్చిన రంగురంగుల కాగితాలన్నీ ఆమె అప్పటికే తిరగేసింది. మెరుపు గురించి రాశారు, మన్నిక గురించి రాశారు, నీళ్ళ వేడి ఎంతసేపు నిలుస్తుందో రాశారు. పిల్ల తల తగిలితే ఏమవుతుందో ఒక్క కాగితంలోనూ రాయలేదు. అసలు రాయాల్సింది అదొక్కటే కదా అని ఆమెకు ఒళ్ళు మండింది. ఇక కాగితాలతో లాభం లేదు, తానే వెళ్ళి పరీక్ష చేసి చూడాలనుకుంది.

భర్త ఆఫీసుకు వెళ్ళాక పాపను నిద్రపుచ్చింది. మంచం చుట్టూ దిండ్ల గోడ కట్టి, పక్కన తన ఫోను పెట్టింది. వాన పడుతున్న చప్పుడు వినిపిస్తుంటేనే పాప పడుకుంటుంది. ఆ చప్పుడు ఫోనులో ఉంది. తరవాత వంటింట్లోంచి ఒక పెద్ద గుమ్మడికాయను తీసి చంకలో పెట్టి చూసింది. ఇంచుమించు పాపంత బరువే. టబ్బులో పడే పిల్ల పొడిగా పడదు కాబట్టి సబ్బూ, పాప నీళ్ళ సీసా కూడా తీసుకుంది. సబ్బు రాసిన కాయ చేతిలో నిలవదని పాప తువ్వాలు, తల మీదికి టోపీలా వచ్చేది, దాని చుట్టూ చుట్టింది. వేళాకోళం చేస్తారని ఎవరికీ చూపించలేదు. మామగారి గదిలోకి తొంగి చూసి, "పాప పడుకుంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అని మెల్లగా చెప్పి మెట్లు దిగింది.

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అత్తగారికి, కోడలు వీధిలో నడిచిపోవడం కనిపించింది. భుజం మీద టోపీ తువ్వాలు, దాని వీపు మీద జోకొడుతున్న చెయ్యి. చంకలో ఏది ఉన్నా జోకొట్టడం ఆ అమ్మాయికి అలవాటైపోయింది. 'పిల్లని కూడా తీసుకెళ్ళిందన్నమాట' అనుకుని అత్తగారు ఇంకో దుప్పటి దులిపింది.

షాపులో వాష్‌బేసిన్ల వరసలు దాటాక, చివర్లో మూడు టబ్బులు పక్కపక్కనే ఉన్నాయి. సేల్స్‌మన్ ఎదురొచ్చి, "రండి మేడమ్, పాప పడుకుందా?" అన్నాడు తువ్వాలు వైపు చూసి, గొంతు తగ్గించి. ఆమెకు గుమ్మడికాయ అని చెప్పడానికి సిగ్గేసింది. "ఊఁ" అంది. తరవాత జరిగిందంతా ఆ ఒక్క ఊఁ పుణ్యమే.

"టబ్బుల రంగులు చూపించే పుస్తకం ఏదైనా ఉంటే తెస్తారా?" అని అతన్ని లోపలికి పంపింది. పాప నీళ్ళ సీసా తీసి, వంగి, తువ్వాలు లోపల చెయ్యి పెట్టి గుమ్మడికాయకు బాగా సబ్బు రాసింది. లేచి, ఆక్రిలిక్ టబ్బు మీదికి చేతులు చాపింది. "ఏం కాదమ్మా, ఏం కాదు, అమ్మ ఉందిగా," అని దాని వీపు నిమిరి వదిలేసింది.

డుబ్బుమంది. గుమ్మడికాయ ఒకసారి ఎగిరి, టబ్బు ఆ చివరిదాకా జారి, మళ్ళీ ఈ చివరికి వచ్చి ఆగింది. పరవాలేదు కానీ మరీ జారుడు. రాతి టబ్బులో ధప్‌మంది. తువ్వాలు తీసి చూస్తే నున్నటి చర్మం మీద సొట్ట. ఆమెకు కళ్ళు చెమర్చాయి. మూడోది ఇనప టబ్బు. మళ్ళీ చుట్టి, మళ్ళీ నిమిరి, కళ్ళు మూసుకుని వదిలింది.

ఆ చప్పుడు షాపంతా మోగింది. ఆమె కళ్ళు తెరిచేసరికి టోపీ ఒక పక్క, గింజలు ఒక పక్క, ముద్దముద్దగా మిగతాది ఇంకో పక్క. అది గుమ్మడికాయని ఆమెకు తెలుసు. తెలిసినా టబ్బు పక్కనే కూలబడింది.

"అయ్యో తల్లీ... నా చేతులతో నేనే వేశానే!"

సరిగ్గా అప్పుడే రంగుల పుస్తకంతో వచ్చిన సేల్స్‌మన్, టబ్బులోకి ఒక్క చూపు చూశాడు. ఇంకో చూపు చూడలేదు. పుస్తకంతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు.

ఇదంతా దూరం నుంచి చూస్తున్న కౌంటర్ అమ్మాయికి దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలలేదు. మొన్న ఆమెతో కలిసి ధరలు అడగడానికి వచ్చిన భర్త ఇచ్చిపోయిన నంబరు కౌంటర్ అద్దం కింద ఉంది. దానికి ఫోను చేసింది.

"సార్, మీ ఆవిడ... మా షాపులో... పాపని టబ్బులో వేశారు సార్."

"స్నానం చేయిస్తోందా? అక్కడా?" అన్నాడు భర్త.

"స్నానం కాదు సార్. పైనుంచి వదిలేశారు. ఒక దాంట్లో కాదు సార్, వరసగా మూడిట్లోనూ."

"మూడిట్లోనా?"

"మొదటి రెండిట్లో ఏం కాలేదు సార్. మూడోదాంట్లో..." అని ఆ అమ్మాయి భోరుమంది.

భర్త చేతిలో కాఫీ కప్పు ఎవరి బల్ల మీద పెట్టాడో, అసలు బల్ల మీదే పెట్టాడో లేదో అతనికి తెలియదు. స్కూటర్ ఎక్కుతూ తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, పాపకి టబ్బుల షాపులో దెబ్బ తగిలింది. వెంటనే రా!"

అత్తగారు పడకగదిలోకి పరిగెత్తింది. దిండ్ల గోడ మధ్య మంచం ఖాళీ. 'తీసుకెళ్ళనే తీసుకెళ్ళింది' అని గుండె బాదుకుంది. మొగుణ్ణి కేకేసింది, పలుకు లేదు, గుమ్మం దగ్గర చెప్పులూ లేవు. "ఈయన ఇంట్లో ఉండాల్సినప్పుడు ఒక్కనాడైనా ఉన్నారా!" అని తిట్టుకుంటూ తాళం వేసింది. ఎదురింటావిడకు "పాపకి షాపులో దెబ్బ తగిలిందటండీ!" అని ఒక కేక వేసి టాక్సీ ఎక్కింది.

భర్త హెల్మెట్ కూడా తీయకుండా షాపులోకి ఉరికాడు. భార్య నేల మీద తడి తువ్వాలు గుండెలకు హత్తుకుని ఏడుస్తోంది. పక్కనే సేల్స్‌మన్ వెల్లకిలా పడి ఉన్నాడు. కౌంటర్ అమ్మాయి గోడ వైపు తిరిగి నిలబడింది. అతను టబ్బులోకి చూశాడు.

"ఏంటిది?"

"గుమ్మడికాయండీ," అంది ఆమె వెక్కుతూ. "చూడండి ఎలా అయిపోయిందో. అదే పాపైతే!"

"పాప ఏది?"

"ఇంట్లో పడుకుంది."

అతను హెల్మెట్‌తోనే రాతి టబ్బు అంచు మీద కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపి ఏదో చేశాడు. "గుమ్మడికాయా? దీనికోసం నేను ఎర్ర లైట్లన్నీ దాటి వచ్చానా?"

"మీరెందుకు వచ్చారు? నేనేం మిమ్మల్ని రమ్మన్లేదే!"

ఈలోగా అత్తగారు టాక్సీ దిగి, "నా తల్లీ, నా బంగారూ!" అని అరుచుకుంటూ వచ్చింది. సంగతి తెలియగానే గుండె మీద చెయ్యి వేసుకుని ఒక్క నిట్టూర్పు విడిచి, మరుక్షణం కోడలి మీద పడింది.

"ఇదేం పరీక్ష అమ్మాయ్? టబ్బు కొనడానికొస్తే గుమ్మడికాయ పట్టుకొస్తావా? నలుగురూ వింటే ఏమనుకుంటారు? నా గుండె ఆగిపోయిందనుకో!"

"సరేలే అమ్మా, గండం గడిచింది," అన్నాడు భర్త. "నువ్వు పాపని ఎవరి దగ్గర వదిలొచ్చావు?"

"నేనా? నేనెందుకు వదులుతాను? పాప దీని భుజం మీద ఉందిగా!"

అప్పుడే కళ్ళు తెరుస్తున్న సేల్స్‌మన్ మళ్ళీ మూసుకున్నాడు.

"భుజం మీదుంది గుమ్మడికాయ అత్తయ్యా," అంది ఆమె. "పాప మంచం మీదుంది."

"మంచం ఖాళీగా ఉందే!"

"మామయ్యగారు?"

"ఆయన పత్రిక కోసం బయటికి పోయారు కాబోలు. చెప్పులు లేవు. నేను తాళం వేసొచ్చాను."

"తాళమా? బాత్రూమ్ చూశారా?"

అత్తగారు తల అడ్డంగా ఊపింది. కోడలికి అన్నీ కళ్ళ ముందు కనిపించాయి: పాప నిద్ర లేచి దిండు మీద నుంచి జారడం, తప్పటడుగులు వేసుకుంటూ బాత్రూమ్ వైపు పోవడం, అక్కడ మేస్త్రీ సిమెంటు కలపడానికి నింపి వదిలేసిన నీళ్ళ డ్రమ్ము. దానికి మూత ఉందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. ఇన్నాళ్ళూ ఊరికే వచ్చిపోయే భయం ఈసారి నిజంగా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె ఏడవడం మానేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

భర్త స్కూటర్ మీద ముందే చేరాడు గానీ తాళంచెవి తల్లి దగ్గర ఉంది. ఆడవాళ్ళిద్దరూ టాక్సీ దిగి మెట్లెక్కేసరికి అతను తలుపును భుజంతో గుద్దుతున్నాడు. తలుపు కదల్లేదు, భుజం మాత్రం కదిలింది. అత్తగారి చేతిలోంచి తాళంచెవి రెండుసార్లు కింద పడింది. తలుపు తెరుచుకోగానే లోపల్నుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఎడతెగకుండా, ధారగా, నీళ్ళు పడుతున్న చప్పుడు.

"పాపా!" అని ఆమె పెట్టిన కేకకు కిందింటివాళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి. బాత్రూమ్‌లోకి దూకింది. డ్రమ్ము మీద మూత ఉంది, మూత మీద ఇటుక ఉంది, కొళాయి కట్టేసి ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు. భర్త పడకగదిలోంచి ఫోను పట్టుకొచ్చాడు. దాన్లో వాన ఇంకా కురుస్తూనే ఉంది.

మంచం కింద చూశారు. బీరువా తెరిచారు. అత్తగారు కంగారులో పప్పుల డబ్బా మూత కూడా తీసి చూసింది. ఆమె గది మధ్య నిలబడి, చేతులు రెండూ ఖాళీగా చాపుకుని, వాటినే చూసుకుంటోంది. అప్పుడు ఎదురింటావిడ గుమ్మంలోంచి తొంగి చూసింది.

"పాపకి ఎలా ఉందండీ?"

"పాపే లేదండీ!" అని బావురుమంది అత్తగారు.

"అదేంటి? మీవారు ఇందాకే ఎత్తుకుని వెళ్ళారుగా!"

ముగ్గురూ ఒక్కసారే ఆవిడ మీదికి వచ్చారు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"పాప లేచి ఏడుస్తుంటే పార్కుకి తిప్పుకొచ్చారట. వచ్చేసరికి తాళం. నేనే చెప్పాను, పాపకి షాపులో దెబ్బ తగిలిందట, అందరూ అక్కడికే పరిగెత్తారని. అంతే, ఆయన హడలిపోయి పాపని ఎత్తుకుని ఒకటే పరుగు, షాపుకి."

"పాప ఆయన చంకలోనే ఉంది కదండీ!" అన్నాడు భర్త.

"నేనూ అదే అన్నాను నాయనా. 'చూసొస్తే పోయేదేముంది' అన్నారు."

మళ్ళీ షాపు. ఈసారి వాళ్ళు గుమ్మం దాటేసరికే లోపల్నుంచి ఠంగుమని ఒక మోత వచ్చింది. వెంటనే కిలకిలా నవ్వు. మళ్ళీ ఠంగు. మళ్ళీ నవ్వు.

పాప ఇనప టబ్బులో నిలబడి, రెండు చేతులతో అంచు పట్టుకుని, నుదురు వెనక్కి తీసి టబ్బుకేసి కొడుతోంది. మోగగానే నవ్వుతోంది. పక్కనే మామగారు, అంత దూరం పిల్లనెత్తుకుని పరిగెత్తిన మనిషి, షాపులో ఒక్క కుర్చీ కూడా కనబడక టబ్బులోనే కాళ్ళు చాపి, గుర్రు పెడుతున్నాడు. ఆమె గొంతులోంచి కేక రాలేదు. రావాల్సిన కేకలన్నీ ఇంటి దగ్గరే అయిపోయాయి.

"ఇందాకటి నుంచీ ఇదే పని మేడమ్," అన్నాడు సేల్స్‌మన్. గుమ్మడికాయను తుడిచిన గుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది. "మిగతా రెండిట్లోనూ నిలబెట్టాం. కొట్టి చూసి, నచ్చక ఏడ్చింది." అంటూ వంగి, టార్చి వేసి మరీ పరీక్షగా చూశాడు. పాప నుదుటిని కాదు. పింగాణీ పెచ్చు లేచిందేమోనని.

ఆమె పాపను మామగారి పక్కనుంచి మెల్లగా ఎత్తుకుని నుదురు తడిమింది. వాపు లేదు, గీత లేదు. పాప మాత్రం టబ్బు వదలనని అంచు పట్టుకుని గుక్క పట్టింది.

"ఇదే ఇచ్చేయండి," అంది ఆమె.

భర్త నోరు తెరిచాడు. అత్తగారైతే, తాను మొదటి నుంచీ చెప్పిందే అయినా, తన చెవులను తానే నమ్మలేకపోయింది. "ఇనపదా అమ్మాయ్? నువ్వేనా అనేది?"

"నాకిక వెతికే ఓపిక లేదు అత్తయ్యా. అది కొట్టుకునేదేదో నా కళ్ళెదురుగా, నవ్వుతూ కొట్టుకోనీండి."

పాప ఏడుపు ఆపడం ఎవరి తరం కాలేదు. ఆకలై ఉంటుందని అత్తగారు, నిద్రకని ఆమె, ముందు బయటికి పదండని భర్త. ఆ గోలలోనే ఆడవాళ్ళు పాపతో టాక్సీ ఎక్కారు, భర్త స్కూటర్ ఎక్కాడు. ఇల్లు చేరి, పాపకు అన్నం కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టాక అత్తగారు గుమ్మం వైపు చూసింది.

"మీ నాన్న స్కూటర్ దిగి ఎటు పోయారురా?"

"నా స్కూటర్ మీదెక్కడ? మీతో టాక్సీలో వచ్చారుగా!"

షాపుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్ళిపోయారనుకుని మధ్యాహ్నం భోజనానికి షట్టర్ దించేశారు. వాష్‌బేసిన్ల వెనకాల, టబ్బు అడుగున, పడుకున్న మనిషి కనబడకపోవడంలో వాళ్ళ తప్పు కూడా ఏమీ లేదు. ఇక్కడ ముగ్గురూ వెంటనే బయలుదేరబోయారు గానీ, పాప దగ్గర ఎవరుండాలో ఇంకా తేలలేదు. ఒకరిని నమ్మి ఒకరు వదిలేలా లేరు. పాపను తీసుకెళ్దామంటే ఆ షాపులోకి మళ్ళీ వద్దని ముగ్గురూ ఒకే మాట మీదున్నారు.

కాబట్టి మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తుంటే, షట్టర్ మీద ఒకసారి తట్టి, ఆ పెద్దాయన లేచారేమో కనుక్కోండి. కాస్త మెల్లగా తట్టండి, ఉలిక్కిపడి లేస్తే ఆయన తల టబ్బుకు తగులుతుంది, కింద గుడ్డ కూడా లేదు.